గాజుబొమ్మల కొలువు

అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున, ఒక ఇరుకుసందులో, వెలుపలి ఇనుపమెట్లెక్కి లోనికి పోవలసిన అద్దెయింటిలో, వాన కురియుచున్న ఒక వసంతకాలపు రాత్రి, తొలిసారి యింటికి వచ్చిన అతిథితో కలిసి తల్లియు కుమారుడును భోజనము ముగించువేళకు, విద్యుద్దీపములన్నియు ఒక్కమారుగా ఆరిపోవును. ఫ్యూజు పోయినదేమో చూడుమని ఇల్లాలు అమాండా అతిథిని వేడును. అతడు అగ్గిపుల్ల గీసి చూచి అన్నియు బాగుగనే యున్నవనును. చెడినది తీగ గాదు. కరెంటు బిల్లుకై కేటాయించిన డబ్బుతో కుమారుడు టామ్ నావికుల సంఘమునకు చందా కట్టినాడు. ఇల్లు విడిచి ఓడ యెక్కి పోవుటకు అది వాని మొదటి మెట్టు. ఆ రహస్యము ప్రేక్షకులకు తెలియును, తల్లికి తెలియదు. ఆమె బిల్లు కట్టకపోవుటను కుమారుని మరపుగా నెంచి, పైకి నవ్వుచు మందలించి, పాత దీపపుసెమ్మె నొకదానిని వెదకి తెచ్చి, కొవ్వొత్తులు వెలిగించి, అతిథి చేతికిచ్చి, ముందరి గదిలో ముడుచుకొని పడుకొనియున్న కుమార్తె లారా యొద్దకు పంపును. ఆ సెమ్మె ఒకప్పుడు చర్చి పీఠముపై వెలిగినది. పిడుగు పడి చర్చి తగులబడినప్పుడు ఆ వేడికి కొంచెము కరగి వంకరపోయినది.

ఆ వంకర సెమ్మె వెలుతురులో తరువాత జరుగునదియే ‘ది గ్లాస్ మెనాజరీ’ నాటకమునకు ప్రాణము. టెనెసీ విలియమ్స్ రచించిన యీ నాటకము 1944 డిసెంబరు 26న చికాగో నగరమున మొదటిసారి ప్రదర్శింపబడినది. మెనాజరీ యనగా వింత జంతువులను చేర్చి పెట్టిన శాల. గాజుతో చేసిన చిన్నచిన్న జంతువులను వరుసగా పేర్చి, తుడిచి, వానితోనే ప్రొద్దుపుచ్చు లారాను చూచినప్పుడు మాత్రము నాకు మన పండుగనాటి బొమ్మల కొలువే జ్ఞప్తికి వచ్చును గనుక, ఈ వ్యాసమున దానిని గాజుబొమ్మల కొలువనియే పిలుతును.

భ్రాంతి, యథార్థము అను రెండింటి కలహము ఆ దశాబ్దమున అమెరికా రంగస్థలమును పట్టి యూపినది. ఈ నాటకము వెలువడిన రెండేండ్లకు, 1946లో, యూజీన్ ఓనీల్ ‘ది ఐస్‌మన్ కమెత్’ రంగమెక్కినది; 1947లో విలియమ్స్‌దే ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్‌డ్ డిజైర్’, 1949లో ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ వచ్చినవి. నాలుగింటను ఉన్న స్థితిని చూచి సహింపలేక, లేని స్థితిని కల్పించుకొని అందు కాపురముండు మనుష్యులే కనబడుదురు. శ్రమించినవాడెవడైనను పైకి రాగలడని నేర్పిన దేశమున, 1929 తరువాతి ఆర్థికమాంద్యము లక్షలాది జనులను, వారి తప్పేమియు లేకయే, క్రిందికి త్రోసివేసినది. నమ్మకము మిగిలి ఆధారము పోయినచోట భ్రాంతి పుట్టుట సహజము. త్రాడును చూచి పాము అనుకొనుటయే భ్రాంతి యని మన వేదాంతులు చెప్పిన దృష్టాంతమున భ్రాంతి భయహేతువు, దీపము తెచ్చి చూపినచో తొలగును. ఈ నాటకములలోని భ్రాంతి అట్టిది కాదు. ఇచట మనుష్యులు పామును చూచి త్రాడని నమ్మి, దానినే పట్టుకొని వ్రేలాడుచున్నారు. వారికి దీపము చూపుట యెంతవరకు దయ యనునది విలియమ్స్‌ను బాధించిన ప్రశ్న.

అమాండాను గూర్చి ముందు చెప్పవలెను. ఈమెను భ్రాంతికి మూర్తిగా చూపి ఊరకుండు విమర్శకులున్నారు. వారితో నేను ఏకీభవింపలేను. దక్షిణ రాష్ట్రములలో బ్లూ మౌంటెన్ అను ఊర, తన కన్యాదశయందు, ఒక్క ఆదివారమునాడే పదునేడుగురు యువకులు తనను చూడ వచ్చిరని ఆమె చెప్పుచుండును. పిల్లలు వినివిని విసిగిన కథ యది. ఆ పదునేడుగురిలో నొకనిని గాక, టెలిఫోను కంపెనీలో పనిచేయు ఒక నవ్వుమొగపువానిని ఆమె పెండ్లాడినది. అతడు పదునారేండ్ల క్రిందట ఇల్లు విడిచిపోయినాడు. మెక్సికోనుండి రెండే మాటల కార్డు వ్రాసినాడు, దానిపై చిరునామా లేదు. వాని పెద్ద ఛాయాచిత్రము మాత్రము గోడమీద నేటికిని నవ్వుచున్నది. ఇంత జరిగినను ఆమె పదునేడుగురి కథను విడువదు. నడక సరిగా లేని తన కుమార్తెను చూడ నేడెందరు యువకులు వచ్చెదరో అని భోజనము బల్లయొద్ద పైకే అనును. ఎవరును రారని ఆ బల్లచుట్టునున్న ముగ్గురికిని తెలియును.

ఆ యింటి అద్దె, తిండి, బట్టల లెక్క కట్టునది కూడ ఈ అమాండాయే. స్త్రీల పత్రిక యొకదానికి టెలిఫోను మీద చందాదారులను కూర్చుటకు ఆమె పడు పాట్లు చూడుడు. పరిచితురాలైన ఒక గృహిణిని పిలిచి, ముందుగా ఆమె అనారోగ్యమును గూర్చి ఎంతో జాలితో పరామర్శించి, మీ చందా ముగియవచ్చినది, కొత్త ధారావాహిక మొదలగుచున్నది, దానిని వదలుకొనుట తగదని ఊదరగొట్టుచుండగా, ఆవలి ఆమెకు పొయ్యిలో వంట మాడుచున్న వాసన తగులును. పోయి చూచి రండు, నేను పట్టుకొనియే యుందునని అమాండా టెలిఫోను చెవికానించుకొని నిలుచుండును. ఆవలినుండి మరల మాట రాదు. గతమును కలవరించు స్త్రీ చేయు పనియా యిది? పెండ్లి గాక, జీతము రాక, తోబుట్టువుల పంచలో మాటలు పడుచు బ్రతుకు ఆడువారి గతి యెట్లుండునో ఆ నాటకమున అందరికంటె స్పష్టముగ చూచినది ఆమెయే. ఆ చూచినది భరింపరానిది గనుకనే ఆమె పదునేడుగురి కథ చెప్పుచున్నది. పగలంతయు లెక్కలతో మ్రగ్గిన మనస్సు రాత్రి తలదాచుకొనుటకు కట్టుకొన్న పందిరి ఆ కథ.

టామ్ చెప్పుల కంపెనీ గోదాములో నెలకు 65 డాలర్ల జీతగాడు. ఆ జీతమే ఇంటికి ఆధారము. పనివేళ అట్టపెట్టెల మూతలపై కవిత్వము వ్రాయును, రాత్రులు సినిమాలకు పోవును, తెల్లవారుజామున తూలుచు ఇల్లు చేరును. నాటకము నడపువాడును ఇతడే. మన సంస్కృత నాటకమున సూత్రధారుడు ప్రస్తావన ముగించి తెర వెనుకకు పోవును. ఈ సూత్రధారుడు పోడు. నావికుని దుస్తులలో ఇనుపమెట్లపై నిలిచి, ఇదంతయు నా జ్ఞాపకము, అందుచేత యథాతథము గాదు అని ముందే ఒప్పుకొని, కొన్నియేండ్లు వెనుకకు నడచి, తానే ఒక పాత్రయై లోనికి పోవును. మొదటి దృశ్యమున ఇంటి గోడ పలుచని జాలిగుడ్డతో చేసినది. ముందు వెలుతురు పడునప్పుడు అది గోడ. వెనుకనుండి వెలుతురు పడగానే దానిగుండ మనుష్యులు కనబడుదురు. తోలుబొమ్మలాట చూచి పెరిగిన వారికి ఈ కిటుకు వింత గాదు. భోజనపు బల్లపై తిండియు లేదు, గిన్నెలును లేవు. నటులు చేతుల కదలికచేతనే భోజనము చేయుదురు. ఇంద్రజాలికుడు అబద్ధమును నిజమువలె చూపునట్లుగాక, తాను నిజమును భ్రాంతి తొడుగులో పెట్టి యిచ్చుచున్నానను భావమును టామ్ ఆరంభముననే తెలుపును. ఇది నాటకకర్త తన ఊహలన్నిటిపై వ్రాసి యిచ్చిన పూచీపత్రము.

ఇక లారా. ఈ పిల్లకు ఒక కాలు కొంచెము కురుచ, దానికి లోహపుపట్టీ. టైపు నేర్చుకొనుటకు తల్లి యాబది డాలర్లు కట్టి వ్యాపార కళాశాలకు పంపగా, మొదటి వేగపరీక్షనాడే చేతులు వణకి, కడుపు త్రిప్పి, వాంతి చేసికొని, మరల ఆ గడప తొక్కలేదు. తల్లికి చెప్పుటకు ధైర్యము చాలక, రోజును కళాశాలకు పోవుచున్నట్లు ఇల్లు వెడలి, చలికాలమున ఉద్యానములలో నడచి, చిత్రశాలలో, పక్షిశాలలో ప్రొద్దుపుచ్చి, ఉష్ణదేశపు పువ్వులు పెంచు పెద్ద గాజుగృహమున కూర్చుండి, వేళకు ఇల్లు చేరుచుండెడిది. గాజుబొమ్మల పిల్ల తలదాచుకొన్నదియు గాజుటింటనే. నాటకకర్త దీనిని ఒక్క మాటలో చెప్పి దాటిపోయినాడు.

ఆ రాత్రి వచ్చిన అతిథి జిమ్ ఓకానర్. హైస్కూలులో లారా మనసార వలచినవాడు ఇతడే యనునది టామ్‌కు తెలియదు. ఆ రోజులలో జిమ్ అన్నిట మొదటివాడు: పాటగాడు, వక్త, ఆటగాడు. ముప్పదియేండ్లకే దేశాధ్యక్షుడగునని అనిపించినవాడు, బడి విడిచి ఆరేండ్లు గడచునప్పటికి టామ్ పనిచేయు గోదాముననే 85 డాలర్ల గుమాస్తా. యథార్థలోకమునుండి వచ్చిన దూత వంటివాడని టామ్ ఇతనిని పరిచయము చేయును. ఆ మాటను ఉన్నదున్నట్లుగ పుచ్చుకొనినచో పొరపడుదుము. జిమ్ రాత్రి తరగతులలో ఉపన్యాసకళ నేర్చుకొనుచున్నాడు; టెలివిజనుకు మున్ముందు గొప్ప భవిష్యత్తున్నదని, తాను తొలినాడే అందు చేరి పైకి వచ్చెదనని నమ్మినాడు; జ్ఞానము, ధనము, అధికారము అని మూడు మెట్లు లెక్కించి చెప్పును. అమాండా వెనుకకు చూచి కలగనుచున్నది, జిమ్ ముందుకు చూచి కలగనుచున్నాడు. ముందుకు చూచు కలను లోకము ఉద్యోగదక్షత యని మెచ్చును గనుక దానిని భ్రాంతి యని ఎవరును అనరు, అంతియే భేదము.

వారిద్దరును నేలమీద మెత్తలు వేసికొని, నడుమ కొవ్వొత్తులతో కూర్చుందురు. బడిలో నీవు రోజును ఆలస్యముగ వచ్చుచుండెడిదానవు గదా యని అతడు జ్ఞాపకము చేసికొనగా, కాలిపట్టీ చప్పుడు ఉరుమువలె వినబడుచుండెడిది, అందరి యెదుట నడచుటకు సిగ్గుపడితినని ఆమె చెప్పును. తానెన్నడును ఆ చప్పుడు వినలేదని జిమ్ అనును. ఆమె జీవితమంతయు ఏ శబ్దమునకు వెరచి మూలకు ఒదిగినదో ఆ శబ్దము ఎదుటివాని చెవిని సోకనేలేదు. కాలి కొరత యథార్థమే, ఉరుము భ్రాంతి. గాజుబొమ్మలయందు ఆమె చూచు సౌందర్యమును పిచ్చి యని తలచువారు, ఆమెను నిజముగ కుంటిదానిని చేసినది ఈ రెండవ భ్రాంతి యని గుర్తింపవలెను. ఒకప్పుడు ఆమె ‘ప్లూరోసిస్’ అను జబ్బుతో బడి మానగా, జిమ్ దానిని ‘బ్లూ రోజెస్’ అని విని, నాటినుండి ఆమెను నీలిగులాబీలని పిలిచెడివాడు. లోకమున లేని పువ్వు పేరది. ఆమెకు మిగిలిన ముద్దుపేరును అదియే.

లారా తన కొలువునుండి ఒక బొమ్మను తీసి అతని అరచేత పెట్టును. నొసట ఒకే కొమ్ముగల గుర్రమది, యూనికార్న్ అను కల్పితజంతువు. వచ్చి పదుమూడేండ్లు కావచ్చినది. అన్నిటిలోను ఆమెకు ప్రియమైనది. ఊపిరి సోకినను పగులునేమో యని హెచ్చరించుచునే ఇచ్చును. ఇట్టివి ఇప్పుడు లోకమున లేవు గదా, ఒంటరిగా తోచదా యని అతడడుగగా, కొమ్ములేని గుర్రములతో కలిసియే ఒక అరలో నున్నది, తగవేమియు లేదు అని ఆమె నవ్వుచు చెప్పును. సందు ఆవలి నాట్యశాలనుండి వాల్ట్‌జ్ సంగీతము వినవచ్చును. జిమ్ ఆమెను లేవదీసి, రాదు రాదనుచున్నను, చేయి పట్టి నాట్యమాడించును. కాలు కురుచ యను మాట మరచి ఆమె నాలుగు అడుగులు వేయును. అంతలో వారి శరీరములు బల్లకు తగులును, గుర్రము నేల పడును, కొమ్ము విరుగును.

ఆమె ఏడ్చునని ప్రేక్షకుడు భయపడును, ఆమె ఏడువదు. దీనికి శస్త్రచికిత్స జరిగినదనుకొందును, ఇక ఇది తక్కినవానితో సమానమైనదని, తన్నుతాను వింతదాననుకొను బాధ దీనికి తప్పినదని, మృదువుగా అనును. ఆ క్షణమున లారా లోకులలో నొకతె యైనది. జిమ్ ఆమె చక్కదనమును మెచ్చి ముద్దు పెట్టుకొనును, పెట్టుకొనిన వెంటనే తడబడి, తాను బెట్టీ యను పిల్లను వలచియున్నానని చెప్పివేయును. అతడు దుర్మార్గుడు గాడు. మంచివాడు, ఆమె మేలు కోరినవాడు. ఆమెకు కొంత ధైర్యము నేర్పవలెనని బయలుదేరి తన మాటల వేడిలో తానే కొట్టుకొనిపోయినాడు. లారా మారుపలుకదు. విరిగిన గుర్రమును తీసి, అతని అరచేత నుంచి, వ్రేళ్లు మూసి, జ్ఞాపకముగ నుంచుకొమ్మనును. సత్యము తెలిసినవారు మాటాడవలసిన చోట ఇంత మౌనము వహించిన పాత్రను ఆధునిక నాటకమున నేను మరొకదానిని ఎరుగను.

ఇక్కడ ప్రథమదృశ్యముకంటె ముందటి సంగతి యొకటి చెప్పక తప్పదు. టెనెసీ విలియమ్స్ అసలు పేరు థామస్ లానియర్ విలియమ్స్. 1911లో మిసిసిపీ రాష్ట్రమున కొలంబస్ పట్టణమందు జన్మించినాడు. 1918లో తండ్రి ఉద్యోగము మూలమున కుటుంబము సెయింట్ లూయీకి వచ్చినది. తండ్రి చెప్పుల కంపెనీ ఉద్యోగి. టామ్‌వలెనే ఈ టామ్ కూడ ఆ కంపెనీలో కొన్నాళ్లు గుమాస్తాగిరి చేసినాడు. ఏడాదికి పైగా పెద్దదైన అక్క రోజ్ గాజుబొమ్మలను చేర్చినది నిజము. కాని రోజ్ కుంటిది గాదు. ఆమెకు పట్టినది మనోవ్యాధి. 1943లో వైద్యులు ఆమె మెదడునకు లొబాటమీ యను శస్త్రచికిత్స చేసిరి. దానినుండి ఆమె మరల తేరుకొనలేదు. ఆ సంవత్సరమే తమ్ముడు హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. కంపెనీయందు జీతమునకు కుదిరి, ‘ది జెంటిల్‌మన్ కాలర్’ అను చిత్రకథను వ్రాసి చూపగా వారు వలదనిరి. అదియే పెరిగి ఈ నాటకమైనది. గుర్రము కొమ్ము విరిగినప్పుడు లారా నోట శస్త్రచికిత్స యను మాట ఏల వచ్చినదో ఇది తెలిసినవానికి గుండె కలుక్కుమనక మానదు. నిజముగ జరిగిన కోత మనిషిని చెరచినది. కల్పితమైన కోత మనిషిని ఒక్క నిముసము బాగుచేసినది. తండ్రి విషయముననుకూడ ఇట్లే: నాటకములోని తండ్రి పారిపోయినాడు, అసలు తండ్రి ఇంటనే యుండి ఇంటిని కలహనిలయము చేసినవాడు. ఇల్లు విడిచి దూరముగ పోయినవాడు కొడుకే. జరిగినదానిని మార్చి చెప్పి, జరిగినదానికంటె లోతునున్నదానిని బయటపెట్టుట కావ్యధర్మమని మన ఆలంకారికులు చెప్పినదానికి ఇంతకు మించిన ఉదాహరణము కావలెనా?

చికాగోలో చలికాలమున తొలిదినములు జనము రాలేదు. మూసివేయుద మనువరకు వచ్చినది. క్లాడియా కాసిడీ మొదలగు విమర్శకులు విడువక వ్రాసి ప్రజలను రప్పించిరి. 1945 మార్చి 31న న్యూయార్కున ప్రారంభమై 560కి పైగా ప్రదర్శనములు నడచినది; ఆ యేటి నాటక విమర్శకుల బహుమానము పొందినది. అమాండాగా లోరెట్ టేలర్ నటించినది. మరుసటి యేడు డిసెంబరులో ఆమె మరణించినది. ఆదాయమున సగము విలియమ్స్ తన తల్లి పేర వ్రాసియిచ్చినాడు. 1950లో హాలీవుడ్ దీనిని చలనచిత్రముగ తీసి, చివర లారాకు ఇంకొక యువకుని రప్పించి, ప్రేక్షకులను ఊరడించి పంపినది. అది నాకు నాటకమునకు చేసిన ద్రోహముగనే తోచును. పదునేడుగురి కథకు పదునెనిమిదవవానిని తెచ్చి కలిపినట్లు.

నాటకము ముగింపు వేరు. జిమ్ వెడలిన పిమ్మట అమాండా కుమారునిపై విరుచుకుపడును. పెండ్లి కుదిరినవానిని తెచ్చి తమ్మును నగుబాటు చేసినావని, కలలలో బ్రతుకువాడవని, చంద్రలోకమునకు పొమ్మని తరుమును. అతడు మెట్లు దిగిపోవును, మరల రాడు. తరువాత వింత యొకటి జరుగును. మరల ఆ పారదర్శకమైన గోడ వెనుక, తల్లి కుమార్తెను ఓదార్చుచున్నట్లు కనబడును. ఆమె మాటలు మనకు వినబడవు. నాటకమంతయు మాటలతో విసిగించిన స్త్రీ, మాట వినబడనప్పుడు, దుఃఖమున గంభీరయై, సుందరియై నిలుచును. ఎదుటవారిని కప్పియుంచిన తెర ఆమె మాటలే యని అప్పుడు తెలియును. ఇవతల టామ్, నగరమునుండి నగరమునకు తిరిగి, రాత్రివేళ అంగడి కిటికీలో రంగుగాజు సీసాలు కనబడినప్పుడెల్ల అక్క వెనుకనుండి భుజము తాకినట్లగుచున్నదని చెప్పి, కొవ్వొత్తులార్పుమని ఆమెను వేడుకొనును. లోపల లారా వంగి, ఒకటొకటిగ ఊది ఆర్పివేయును.

ఆమె ఇచ్చిన విరిగిన గుర్రము మాత్రము ఆ యింట లేదు. జిమ్ పిడికిటనుండి జేబులోనికి చేరియుండును. ఇల్లు దాటగానే అతడు రైలు స్టేషనుకు పోవలసియున్నది, బెట్టీ దిగు రైలు వేళయైనది.